ఈ ఏడు అన్నం ఎవరు వండుతారు

"చైనుకు నూనె ఎక్కువ పొయ్యకు, దుమ్ము పడుతుంది" అన్నాడు ఎలిసియో, గుమ్మంలో నిలబడి కాఫీ ఊదుకుంటూ.

ఏటా ఈ రోజున ఈ మాటే అంటాడు. నార్డా వాకిట్లో పీట వేసుకుని, సైకిలును తలకిందులుగా నిలబెట్టి, అరిగిపోయిన పళ్ళ బ్రష్షును కిరసనాయిల్లో ముంచి చైను కడుగుతోంది. సైకిలు అతనిది. దాని మీద మురికీ అతనిదే. పొలం దారి బురదలో తొక్కి తెచ్చి అలాగే గోడకు ఆనించాడు. కిందటేడు కడిగింది ఆమే, అంతకు ముందేడూ ఆమే. నూనె ఎంత పొయ్యాలో ఆమె చేతికి తెలుసు. అయినా అతను చెబుతాడు, ఆమె ఊఁ అంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆ మాట మురిపెం అనుకుంది. తర్వాత అలవాటు అనుకుంది. ఈ మధ్య ఏమీ అనుకోవడం లేదు.

తెల్లవారితే తమ ఊరు అబతాన్ సంత కూడలి నుంచి సైకిళ్ళు బయల్దేరతాయి. క్యాబేజీ ఆకుల మీద మంచు గడ్డకట్టే ఫిబ్రవరి చలిలో, నాలుగు రోజుల తిరుగుడు. మౌంట్ డాటా ఎక్కి బొంతోక్‌కు దిగి, సగాడా ఎక్కి, అక్కణ్ణుంచి అడవి దారిన సెర్వాంతెస్ లోయలో పడి, ఆఖరి రోజు మంకాయన్ ఎక్కుడు ఎక్కి మళ్ళీ ఇంటికి. మొదట్లో ఇది యాత్ర కాదు. ఒక పెద్ద తుపానుకు కొండ విరిగి రోడ్డు మీద పడితే లారీలు ఆగిపోయి పై ఊళ్ళు పస్తులున్నాయి. అప్పుడు ఈ ఊరి మగవాళ్ళు సైకిళ్ళకు బియ్యం మూటలు కట్టుకుని, దారి తెగిన చోట సైకిలునే భుజాన వేసుకుని దాటారు. ఆ జ్ఞాపకానికి ఏటా అదే దారి తొక్కుతారు. నడిపించుకుపోయినా తప్పులేదు, లారీ ఎక్కితేనే తప్పు. ఇప్పుడు బాగియో పట్నం నుంచి కూడా జనం వచ్చి కలుస్తున్నారు. మజిలీ మజిలీకీ ఆ కథ చెప్పుకుంటారు. బుట్ట తాడు నుదుటికి తగిలించుకుని అదే బియ్యం వీపున మోసిన ఆడవాళ్ళు మాత్రం కథలో ఉండరు. నార్డా తల్లి నుదుటి మీద ఆ తాడు ఒరిపిడి మచ్చ ఆమెతోపాటే మట్టిలోకి పోయింది.

"ఈ ఏడు నేనూ తొక్కుతాను" అంది నార్డా, చైను మీద నుంచి కళ్ళెత్తకుండా.

"ఏం తొక్కుతావు?"

"సైకిలు. మీ అందరితో పాటు. నాలుగు రోజులూ."

ఎలిసియో ఒక గుక్క తాగాడు. "మరి అన్నం ఎవరు వండుతారు?"

ఆమె బ్రష్షు ఆపింది. ఈ మాట అనడానికి ఆమె చాలా కాలంగా లోపల కసరత్తు చేసుకుంది. ఎక్కుడు కష్టం అంటాడు, నీకు ఈడు మళ్ళింది అంటాడు, పడితే ఎముకలు ఏరుకోవాలి అంటాడు. ఒక్కొక్కదానికి జవాబు సిద్ధం చేసి పెట్టుకుంది. అతను వాటిలో ఒక్కటీ అడగలేదు. ఆమె కాళ్ళను అనుమానించలేదు, ఊపిరిని అనుమానించలేదు. ఆమె లారీలో లేకపోతే అతనికి కనబడిన లోటు మనిషి లోటు కాదు, గుండిగ లోటు. అదీ నిజమే మరి. పదేళ్ళకు పైగా ఆ యాత్రలో ఆమె చోటు ఎలిసియో చిన్నాన్న కసిమిరో కూరగాయల లారీ వెనక, గుండిగల మధ్య. సైకిళ్ళవాళ్ళు లేవకముందే లేవాలి. వాళ్ళు తిని పోయాక కడిగి సర్దుకుని, లారీ ఎక్కి, దారిలో వాళ్ళను దాటి ముందుకు పోయి మళ్ళీ పొయ్యి రాజెయ్యాలి. మలుపు మలుపుకూ మూత జారకుండా రెండు చేతులా అదిమి పట్టుకోవాలి. అందుకే ఆ దారంతా ఆమెకు వెనక నుంచే తెలుసు. లారీ వెనక కూర్చున్నవాళ్ళకు కొండ ఎదురు రాదు, దూరమైపోతుంది. బొంతోక్ ఎదురయ్యేటప్పుడు ఎలా ఉంటుందో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

సైకిలు ఆమెకు కొత్త కాదు. ఊరి ఆరోగ్య కార్యకర్తగా వారమంతా ఆమె తిరిగేది సైకిలు మీదే. ముందు బుట్ట ఉన్న పాత జపాను సైకిలు, వీపున పసిపిల్లల్ని తూచే కాటా, భుజాన మందుల సంచి. బాలింత ఎక్కడుంటే అక్కడికి, క్షయ మందు మింగనని మొరాయించే ముసలాడు ఏ కొండ మీదుంటే ఆ కొండకు. పట్నం నుంచి వచ్చే నర్సమ్మ, "నీది ఉద్యోగం కాదమ్మా, సేవ" అంటుంది. అత్త సబీనా, "ఊరి మీద తిరుగుడు" అంటుంది. ఎలిసియో ఏమీ అనడు. ఆమె వచ్చేసరికి ఆలస్యమైతే పొయ్యి వంక చూస్తాడు, అంతే. ఆమె తొక్కితే అది తొక్కడం కాదు. ఆమె వండితే అది పని కాదు. మరి తను చేసేవాటికి ఏం పేరుందో చూడాలని ఈ ఏడు ఆమెకు గట్టిగా అనిపించింది.

"ఎవరో ఒకరు వండుతారులే" అంది నార్డా.

"ఎవరో అంటే?"

"తిన్నవాళ్ళు."

అతను నవ్వి కాఫీ గ్లాసు ఆమె పక్కన పెట్టి లోపలికి పోయాడు. ఆమె కడగడానికి.

పొద్దు వాలకముందే అందరూ కసిమిరో వాకిట్లో చేరారు. యాత్ర మొదలైన నాటి నుంచీ ముందు తొక్కేది అతనే. గడ్డం నెరిసినా పిక్కలు నెరవలేదని అతని మాట. ఏటా ఈ సాయంత్రం పనులు పంచుతారు. పంచరు సామాను ఎవరిది, తాళ్ళు ఎవరివి, కోళ్ళు ఎవరు తేవాలి. వంట ఎవరిదని ఎప్పుడూ అడగరు. ఆ సంగతి నార్డా అంతకు ముందు గమనించలేదు. ఈసారి గమనించింది.

అన్నీ పంచడం అయ్యాక ఆమె లేచి నిలబడింది.

"చిన్నమామా, నాకు ఉబ్బో తిరిగి రావాలి" అంది.

వాకిట్లో అందరూ తలెత్తారు. కుక్క కూడా తలెత్తి చూసింది. ఆ కొండల్లో ఉబ్బో అనేది ఊరికే అనే మాట కాదు. ఈరోజు నేను నీ మడి తవ్వితే రేపు నువ్వు నా మడి తవ్వాలి. దానికి కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఎగ్గొట్టినవాడి గట్టు కూలితే పట్టడానికి చెయ్యి రాదు, వాడు పోతే మొయ్యడానికి భుజాలు రావు. అందుకే ఎగ్గొట్టినవాడెవడూ అక్కడ లేడు.

"ఏ మడికమ్మా?" అన్నాడు కసిమిరో.

"మడికి కాదు. ఇన్నేళ్ళూ మీకు వండాను. నా రోజులు నాకు తిరిగివ్వండి. నేను తొక్కుతాను, మీలో ఎవరైనా వండండి."

మొదట నవ్వింది తిమోతియో మేష్టరు. బళ్ళో లెక్కలు చెబుతాడు, ఏటా అందరికంటే ఎక్కువ తినేదీ అతనే. అతను నవ్వితే మిగతావాళ్ళూ నవ్వారు. సబీనా నవ్వలేదు. మూలన రుబ్బురోలు మీద కూర్చుని వక్క నములుతున్న ఆ ముసలామె నేల మీద ఎర్రగా ఉమ్మి, "పొలంలో నడుం వంచింది ఉబ్బో. పొయ్యి ముందర కూర్చున్నదానికి ఉబ్బో ఏమిటే? రేపు పిల్లాడికి పాలిచ్చినందుకు కూడా అడుగుతావు" అంది.

నార్డా అత్త వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"అత్తా, నీ కొడుకు కడుపున ఉన్నప్పుడు నువ్వు మడిలోకి దిగలేకపోయావు. గట్టు మీద కూర్చుని దిగినవాళ్ళకు వండిపెట్టావు. ఆ రోజులన్నీ దిగినట్టే చూసుకుని వాళ్ళొచ్చి నీ గట్టు కట్టిపెట్టారని నువ్వే చెప్పావు. గట్టు మీద వండితే ఉబ్బో అయి, లారీ పక్కన వండితే కాకుండా పోతుందా?"

సబీనా దవడ ఆగింది. ఆ ముసలామె కోడల్ని ఇరవై రకాలుగా సాధించి ఉంటుంది కాని అబద్ధం ఆడిందని ఊళ్ళో ఎవరూ అనలేరు. అది ఆమె సొత్తు. వక్కను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుని, "చెప్పాను. చెప్పిన నోటితో కాదనను" అంది. ఊరుకుంటే ఆమె సబీనా కాదు కదా, వెంటనే అందుకుంది. "అంతమాత్రాన నువ్వేదో తొక్కేస్తావని కాదు. మంకాయన్ ఎక్కుడులో నాలుక బయటపెట్టి లారీ ఎక్కే వస్తావు. కూడలిలో కూర్చుని చూస్తాను నేను."

ఎలిసియో ముఖం కందగడ్డలా అయింది. "చిన్నాన్నా, ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళకు ఉబ్బో ఉండదు. నేను దీనికి బాకీ లేను."

"నిజమే, ఉండదు. నువ్వు బాకీ లేవు" అన్నాడు కసిమిరో. గడ్డం గోక్కున్నాడు. "మేం ఉన్నాం. ఇన్నేళ్ళు తిన్నాం, ఆలోచించలేదు. ఈ ఏడు నేను తొక్కను. గరిటె పడతాను." ఆ మాట అనడానికి ముందు అతను గోడకు ఆనించి ఉన్న తన సైకిలు వైపు ఒకసారి చూశాడు. నార్డా అది చూసింది. జాలి పడింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"మేష్టారూ, నువ్వు కూడా. ఉల్లిపాయలు తరుగుదువుగాని" అన్నాడు కసిమిరో.

"నేనా?" అన్నాడు తిమోతియో.

"తిన్న లెక్క నీదే ఎక్కువ."

ఇన్నేళ్ళూ నార్డాతో పాటు గుండిగలు తోమిన కసిమిరో భార్య ఓలింగ్ అప్పుడు లోపలి నుంచి కేకేసింది. "నాకు సైకిలు రాదు. నాకు రావలసిన రోజులకు మంచమెక్కి పడుకుంటాను. ఎవరూ లేపకండి."

మొదటి రోజు ఎక్కుడులో, ఆ పాత బుట్ట సైకిలు మీద, ఆమెకు ఊపిరి దొరకలేదు. ఊరి కొండలు తెలిసిన కాళ్ళే, కాని ఎవరి ఇంటికీ వెళ్ళని తొక్కుడు అదే మొదలు. వీపు మీద కాటా లేకపోయేసరికి వీపు ఏం చెయ్యాలో తెలియనట్టు ఉంది. దారి చేలల్లో క్యారెట్లు పీకుతున్న ఆడవాళ్ళు నడుం నిటారుగా చేసి చూశారు. ఒకామె, "ఓ పిల్లా, ఎవరికి కాన్పు?" అని అరిచింది. నార్డా నవ్వింది. "ఎవరికీ కాదు. ఊరికే తొక్కుతున్నా." ఆ 'ఊరికే' అన్న మాట నోట్లోంచి వచ్చాక చాలాసేపు నాలుక మీద బెల్లంముక్కలా ఉండిపోయింది. ఊరికే. పెళ్ళయ్యాక ఆమె ఊరికే చేసిన పని గుర్తు చేసుకోబోయింది. మలుపు వచ్చింది, గేరు మార్చాల్సి వచ్చింది, ఆలోచన తెగింది. తెగడమే మేలయింది.

మౌంట్ డాటా దాటాక పైన్ చెట్ల మధ్య దిగుడు మొదలైంది. గాలి రవికెలో నిండి బుడగలా ఊదింది. అలా దిగి దిగి, ఒక మలుపు తిరగ్గానే బొంతోక్ ఎదురొచ్చింది. అడుగున ఏరు, ఏటికి అటూ ఇటూ రేకుల కప్పులు, మెట్లు మెట్లుగా మడులు. ఇన్నేళ్ళూ దూరమైపోతూ కనబడిన ఊరు ఇప్పుడు ఆమె మీదికి నడిచి వస్తోంది. ఆమె బ్రేకు పట్టుకుని ఆగి, ఒక కాలు నేల మీద ఆన్చి చూసింది. వెనక నుంచి వచ్చిన బాగియో కుర్రాళ్ళు, "ఏమైంది అక్కా, పంచరా?" అని అడిగారు. "కాదు, చూస్తున్నా" అంది.

మజిలీలో అన్నం పైన పలుకు, అడుగున మాడు. కోడి పులుసులో ఉప్పు మరిచిపోయారు. కళ్ళు ఎర్రబడిన మేష్టరు తరిగిన ఉల్లిపాయల వంక పగవాడిని చూసినట్టు చూస్తున్నాడు. "నార్డా, నీళ్ళు ఎన్ని పోస్తావు దీనికి?" అని కసిమిరో అడిగితే ఆమెకు నోటిదాకా వచ్చింది. చెయ్యి కూడా సగం లేచింది. పలుకన్నం తింటున్న జనాన్ని చూస్తే ప్రాణం ఉసూరుమంది. పస్తు పెట్టానా అనిపించింది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, "వేలు ముంచి చూసుకో చిన్నమామా. నాకూ ఎవరూ చెప్పలేదు" అంది. ఆ రాత్రి పలుకన్నమే అమృతంలా తిని, తిన్న కంచం మాత్రం కడుక్కుని పడుకుంది.

మర్నాడు సగాడాలో సైకిళ్ళు దిగగానే ఎలిసియో చెమట చొక్కా విప్పి ఆమె ఒళ్ళో వేశాడు. కావాలని చేసింది కాదు. కళ్ళు ఎటో చూస్తుంటే చెయ్యి దానంతట అది వేసింది. ఇద్దరూ తొక్కింది ఒకే దారి. ఆమె రవికె కూడా వీపుకు అతుక్కునే ఉంది. అతను పగబట్టి వేసి ఉంటే తిరిగి విసిరేసేది. పగ లేదు, మాట లేదు, అసలు ఆలోచనే లేదు. అదే ఆమెను కోసింది. ఒకే పొయ్యి వాళ్ళకు ఉబ్బో లేదన్న పెద్దలు ఎందుకన్నారో అనుకుంది. ఒకరి కోసం ఒకరు లెక్క చూసుకోకూడదని అని ఉంటారు. అంత మంచి మాట నీడలో ఒక్కళ్ళే వంగి ఉతుకుతుంటారని వాళ్ళకు తట్టి ఉండదు. పంపు దగ్గరికి వెళ్ళి రవికె ఉతుక్కుని పైన్ కొమ్మకు ఆరేసింది. చొక్కాను పంపు పక్క రాతి మీద మడిచి పెట్టింది. పొద్దున్న చూస్తే అది అక్కడే ఉంది, మంచుకు తడిసి నిన్నటికంటే బరువెక్కి.

"ఎలిసియో, నీ చొక్కా రాత్రంతా నీ కోసం ఏడ్చినట్టుందయ్యా" అన్నాడు మేష్టరు.

ఎలిసియో దాన్ని పిండి, హ్యాండిలుకు కట్టుకున్నాడు. ఆ రోజంతా దిగుడులో అతని ముందు ఆ చొక్కా జెండాలా కొట్టుకుంటూ పోయింది. సెర్వాంతెస్ వేడికి మధ్యాహ్నానికి ఎండిపోయింది కూడా. ఎండడానికి ఆమె ఏమీ చెయ్యక్కర్లేకపోయింది.

ఆఖరి రోజు ఏటి వంతెన దాటగానే రోడ్డు గోడలా లేచింది. అందరూ భయపడేది ఈ ఎక్కుడుకే. బాగియో కుర్రాళ్ళు కొందరు దిగి నడిపించారు. నార్డా కూడా కొంత దూరం నడిపించింది, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. ఈ నడక ఆమెకు తెలుసు. మందుల సంచి బరువెక్కినప్పుడు ఎవరూ లారీ తేలేదు. ముందు చక్రం కింద తారును తప్ప దేన్నీ చూడకూడదు, ఇంకెంత దూరమని అడగకూడదు, ఎవరినీ దాటాలనుకోకూడదు. అలా తొక్కుతూ ఆమె ఒక మలుపులో ఎలిసియోను చూసింది. రోడ్డు పక్క గడ్డిలో కూలబడి పిక్కను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

ఆమె దిగింది. పిక్క తడిమి చూసింది. రాయిలా ఉంది. పాదం పట్టుకుని మెల్లగా వెనక్కి వంచి, సంచిలోంచి ఉప్పునీళ్ళు తీసి తాగించి, చాలాసేపు రాసింది. ఇంతలో లారీ వచ్చింది. "ఎక్కు. ఇది ఇవాళ్టికి తొక్కే కాలు కాదు" అంది. అతను కసిమిరో భుజం పట్టుకుని ఎక్కి గుండిగల మధ్య కూర్చున్నాడు.

ఆమె మంకాయన్ చేరేసరికి వంట అయింది. ఆ రోజు అన్నం బాగా కుదిరింది. కసిమిరో ఆమె కంచంలో వడ్డించి, ఆమె మొదటి ముద్ద నమిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

"బాగుంది చిన్నమామా."

"వేలు ముంచి చూశాను" అన్నాడతను, పెళ్ళికొడుకులా సిగ్గుపడి.

ఎలిసియో లారీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంటే చిన్న గొంతుతో అన్నాడు. "ఇక్కణ్ణుంచి నాతో లారీలో రా."

"నొప్పి పెరిగిందా?"

"లేదు. తగ్గింది." గడ్డి పరక తుంచాడు. "కూడలిలో అందరూ ఉంటారు. అమ్మ ఉంటుంది. నువ్వు సైకిలు మీద వచ్చి, నేను గుండిగలతో దిగితే ఎలా ఉంటుంది? మొగుడికి బాగాలేదని పెళ్ళాం లారీ ఎక్కింది అంటే ఎవరూ ఏమీ అనుకోరు. నిన్నూ మెచ్చుకుంటారు."

అతను బతిమాలుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను బతిమాలడం ఆమె చూడలేదు. నిజమే, మెచ్చుకుంటారు. సబీనా కూడా, కోడలికి బుద్ధొచ్చిందని నలుగురిలో అంటుంది. మూడున్నర రోజుల దారి ఎవరికీ గుర్తుండదు. 'తొక్కిందిలే, చివర్లో లారీ ఎక్కింది' అన్న ఒక్క మాట మిగులుతుంది. వచ్చే ఏడు పనులు పంచేటప్పుడు వంట ఎవరిదని మళ్ళీ ఎవరూ అడగరు. ఆమె అతని పిక్క మీద చెయ్యి వేసి చూసింది. మెత్తబడింది. ఆ కాలంటే ఆమెకు కోపం లేదు. ఎన్నో రాత్రులు రాసిన కాలే. గుండిగల మధ్య కూర్చుంటే పరువు పోతుందని అతనికి నాలుగు మలుపుల్లోనే తెలిసిపోయింది. ఆమె అక్కడ పదేళ్ళు కూర్చుంది. ఆ సంగతి అతనికి తట్టిందో లేదో అతని ముఖంలో వెతికింది. తట్టినట్టు లేదు. తట్టేదాకా ఆగడానికి పొద్దు లేదు.

"మలుపుల్లో మూత జారుతుంది. గట్టిగా పట్టుకో" అని చెప్పి లేచింది.

ఆఖరి ఎక్కుడులో ఆమె ఎవరినీ దాటలేదు. ఇద్దరు ముగ్గురు ఆమెను దాటి పోయారు. సైకిలు కిర్రుమంటోంది, తొడలు మండుతున్నాయి. కళ్ళలోకి కారిన చెమటను తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే సైకిలు వంకర పోతుంది కనుక అలాగే కారనిచ్చింది. క్యాబేజీ మడుల వాసన తగిలింది. అబతాన్ ఇళ్ళ కప్పులు కనబడ్డాయి. ఏటా లారీ ఇక్కడికి చేరేది గుండిగలు తోమి సర్దుకుని, చప్పట్లు అయిపోయి జనం ఇళ్ళకు పోయాక. ఇప్పుడు జనం ఇంకా ఉన్నారు. కంచు గాంగులు మోగుతున్నాయి. ఓలింగ్ అరుగెక్కి నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. ఎవరో, "మన నార్డా రా, మన నార్డా" అంటున్నారు. ఆమె వీపు దానంతట అదే నిటారయింది.

సబీనా అన్నట్టే కూడలిలో కూర్చుని ఉంది. కోడలు దగ్గరికి వచ్చి ఆగాక, సైకిలును ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా చూసి, ఆమె కాళ్ళను చూసి, రోడ్డు వైపు మెడ సాచింది.

"నా కొడుకేడే?"

నార్డా ఊపిరి అందేదాకా ఆగింది. ఒక కాలు నేల మీద ఆన్చి, ముంజేత్తో ముఖం తుడుచుకుంది.

"వెనక వస్తున్నాడత్తా. వంటవాళ్ళతో."